శాతం సరే, దేంట్లో శాతం?

మా మరదలు గూడూరు నుంచి పొద్దున బండికి వచ్చింది. మా పెద్దమ్మ చిన్నకొడుకు భార్య. చెన్నై సెంట్రల్‌లో దిగి చూళైమేడులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసరికి తొమ్మిదిన్నరైంది. కాఫీ తాగకముందే బ్యాగులోంచి ఒక మాత్రల అట్ట తీసి నా చేతిలో పెట్టింది.

"వదినా, ఇది క్యాన్సర్ మాత్రంట. నెట్లో చూశా. నాకేమన్నా ఉండి దాస్తా ఉండారా?"

అట్ట మీద లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు అని ఉంది. పీరియడ్స్ మూడో రోజు నుంచి ఐదు రోజులు వేసుకోమన్నారు. రెండు వేసుకుంది, రాత్రి ఫోన్లో వెతికింది, మిగతా మూడూ అట్టలోనే ఉండిపోయాయి. ఒక నెల అలా దండగైపోయింది.

నేను డాక్టర్ని కాదు. ఇక్కడే ఒక క్లినికల్ రీసెర్చ్ కంపెనీలో ట్రయల్స్ లెక్కలు, అంటే మందుల్ని మనుషుల మీద పరీక్షించిన లెక్కలు, చూస్తాను. మా వాళ్ల దృష్టిలో మాత్రం 'మెడికల్ లైన్లో' ఉన్న మనిషిని. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వాళ్లకి పెద్దాస్పత్రి అంటే ఇప్పటికీ మద్రాసే కాబట్టి, ఏడాదికి నాలుగైదు ఫైళ్లు మా డైనింగ్ టేబుల్ మీద తేలతాయి. వాటిలో సగం పిల్లల కోసం తిరుగుతున్న వాళ్లవే. ఏ చికిత్స చేయించుకోవాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. ఫైల్లో ఉన్న కాగితం వెనక ఏ పరిశోధన ఉంది, అది ఎంత గట్టిది అన్నది చెప్పగలను. ఆ రోజు మరదలితో మాట్లాడిన మాటలకి ఈ వ్యాసం కొంచెం పొడిగింపు.

ముందు ఆ మాత్ర సంగతి. లెట్రోజోల్ నిజంగానే రొమ్ము క్యాన్సర్‌కి వాడే మందు. ఒంట్లో ఈస్ట్రోజన్ తయారీని తగ్గించడం దాని పని. క్యాన్సర్‌కైతే రోజూ, ఏళ్ల తరబడి వేసుకుంటారు. ఇక్కడ ఐదు రోజులే. ఈస్ట్రోజన్ తగ్గిందని గమనించిన మెదడు, అండాశయం మందకొడిగా ఉందనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని ఎక్కువ పంపిస్తుంది. ఆ తోపుకి, ఎదగకుండా ఆగిపోయిన ఫాలికిల్ (అండం ఉండే చిన్న సంచి) ఒకటి ముందుకు కదిలి అండం విడుదలవుతుంది. మందు సుమారు రెండు రోజులకి సగం చొప్పున తగ్గిపోతుంది కాబట్టి పిండం గర్భసంచిలో కుదురుకునే నాటికి ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు.

ఇలాంటి మందు మీద మన దేశంలో ఐదేళ్లకు పైగా నిషేధం ఉండేది. ఎందుకో చూస్తే, ఈ రంగంలో పరిశోధన ఎక్కడ దారి తప్పుతుందో తెలుస్తుంది.

2005లో ఒక వైద్య సదస్సులో కెనడా బృందం ఒక నివేదిక చదివింది. లెట్రోజోల్ వాడిన తల్లులకి పుట్టిన 150 మంది పిల్లల్ని, ఒక ఆస్పత్రిలో జరిగిన 36 వేల పైచిలుకు ప్రసవాలతో పోల్చారు. మందు వాడిన వైపు గుండె, ఎముకల లోపాలు ఎక్కువ కనిపించాయన్నారు. వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ పోలిక ఎవరితో? ఆ 36 వేల మంది రిస్క్ తక్కువ ఉన్న గర్భిణులు చేరే ఆస్పత్రిలో కాన్పైన వాళ్లు, వయసులో చిన్నవాళ్లు. ఇటువైపు వాళ్లు పిల్లలు లేక ఏళ్లపాటు తిరిగి చికిత్స తీసుకున్న వాళ్లు. మందు అసలు వాడకపోయినా ఈ రెండు గుంపుల మధ్య తేడా ఉంటుంది. లెట్రోజోల్ వాడిన వాళ్లని, అదే సమస్యకి వేరే మందు వాడిన వాళ్లతో పోల్చాలి. మరుసటి ఏడాది కెనడాలోనే ఆ పని జరిగింది. 911 మంది పిల్లలు. కొందరి తల్లులు లెట్రోజోల్ వాడారు, మిగతావాళ్లు అప్పటికి దశాబ్దాలుగా అలవాటైన క్లోమిఫిన్ వాడారు. లోపాలు లెట్రోజోల్ వైపు 2.4 శాతం, క్లోమిఫిన్ వైపు 4.8 శాతం.

అయినా 2011 అక్టోబరులో మన ప్రభుత్వం సంతాన చికిత్సకి లెట్రోజోల్ వాడకాన్ని ఆపేసింది. దానికి బొత్తిగా ఆధారం లేదనలేం. ఇక్కడ సరైన ట్రయల్ లేకుండానే ఈ వాడకానికి అనుమతి ఇచ్చేశారని 2012లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా తప్పుపట్టింది. ట్రయల్ చేయండి అనాల్సిన చోట మందే ఆపేశారు. 2014లో అమెరికాలో పీసీఓఎస్ (మనవాళ్లు పీసీఓడీ అనేది, అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న 750 మంది మీద జరిగిన ట్రయల్ ఫలితం వచ్చింది. ఎవరికి ఏ మందు అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించి, ఐదు సైకిల్స్ (నెలసరులు) వరకు ఇచ్చారు. బిడ్డ పుట్టిన వాళ్లు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫిన్‌తో 19.1 శాతం. 2017లో మన దగ్గర నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు పీసీఓఎస్ మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట వాడమని చెప్పే మందు ఇదే.

మరదలు ఇదంతా విని, "అంటే వంద మందిలో ఇరవై ఏడు మందికేనా వదినా?" అంది.

మంచి ప్రశ్న. ఆ 27.5 ఎవరిలో శాతం అని చూడాలి. ఐదు సైకిల్స్‌లో వచ్చిన ఫలితం అది, జీవితకాలంలో కాదు. పైగా ఆ అమెరికా ఆడవాళ్ల సగటు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 35, అంటే బాగా లావు. మా మరదలు 58 కిలోలు. ఆ ట్రయల్ రెండు మందుల్లో ఏది మెరుగో చెప్పింది. గూడూరు అమ్మాయికి ఎంత అవకాశం ఉందో చెప్పడం దాని పని కాదు.

ఆమె ఫైల్లో ఇంకో మాట కూడా ఉంది, 'పాలీసిస్టిక్'. స్కాన్ చేసినావిడ 'నీటి బుడగలు' అని చెప్పిందట, ఈమె వాటిని ఆపరేషన్ చేసి తీసేస్తారా అని భయపడుతోంది. అవి బుడగలూ కావు, గడ్డలూ కావు. ఎదగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిన ఫాలికిల్స్, అంటే అండం ఉండే చిన్న చిన్న సంచులు. నెలనెలా వాటిలో ఒకటి పెద్దదై పగిలి అండం బయటికి రావాలి. పీసీఓడీ ఉన్న వాళ్లలో ఏదీ ముందుకు పోక అన్నీ క్యూలో నిలబడిపోతాయి. స్కాన్‌లో ముత్యాల దండలా కనిపించేది ఆ క్యూయే.

'ఈ రోజుల్లో అందరికీ పీసీఓడీయే' అని మనవాళ్లు అనడం వింటుంటాం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశంలో పలు ప్రాంతాల్లో జరిగిన సర్వేలో తేలింది చూడండి: 1990 నాటి నిర్వచనం ప్రకారం 7.2 శాతం మందికి ఉంది, 2003 నాటి రోటర్‌డామ్ నిర్వచనం ప్రకారం 19.6 శాతం మందికి ఉంది. అదే ఆడవాళ్లు, అదే రక్తం, అదే స్కాను. మొదటి నిర్వచనానికి స్కాన్‌తో పని లేదు. రెండోది పీరియడ్స్ సరిగా రాకపోవడం, మగ హార్మోన్ లక్షణాలు, స్కాన్‌లో కనిపించే తీరు, ఈ మూడింట్లో ఏ రెండున్నా చాలంటుంది. అంటే ఈ 'అందరికీ'లో కొంత భాగం నిర్వచనం మారినందువల్ల వచ్చిందే. జబ్బు అబద్ధమని కాదు, పక్కింటమ్మాయి పీసీఓడీ, మన పీసీఓడీ ఒకటే అయి ఉండక్కర్లేదని.

మెట్‌ఫార్మిన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఆ మాత్ర లేని పీసీఓడీ ఫైలు నేను చూడలేదు. 2007లో వచ్చిన ట్రయల్‌లో 626 మందిని మూడు గుంపులు చేశారు. బిడ్డ పుట్టింది క్లోమిఫిన్ ఒక్కటే వాడినవాళ్లలో 22.5 శాతం మందికి, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతానికి, రెండూ కలిపి వాడినవాళ్లలో 26.8 శాతానికి. అండం విడుదల లెక్క చూస్తే రెండూ కలిపిన గుంపు 60 శాతంతో స్పష్టంగా ముందుంది, క్లోమిఫిన్ ఒక్కటే వాడితే 49. కానీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి 22.5కి, 26.8కి మధ్య తేడా కాకతాళీయం కాదని చెప్పేంత గట్టిగా లేదు. సుగర్ అదుపుకి ఆ మాత్ర పనికొస్తుంది, అది వేరే సంగతి.

అండం విడుదల కావడం వేరు, నెల తప్పడం వేరు, గుండె కొట్టుకోవడం వేరు, బిడ్డని ఎత్తుకుని ఇంటికి రావడం వేరు. ఒక మెట్టు మీద వచ్చిన మెరుగు కింది మెట్టు దాకా దిగకపోవచ్చు. ట్రయల్స్‌లో మొదటి మూడూ త్వరగా, చవగ్గా కొలవొచ్చు కాబట్టి ఎక్కువమంది వాటినే కొలుస్తారు.

చెన్నైలో కాస్త పెద్ద రోడ్డు ఏది పట్టుకుని నడిచినా ఒక ఫెర్టిలిటీ సెంటర్ బోర్డు కనిపిస్తుంది. ఈ ఊరికి ఈ విషయంలో కొంత చరిత్ర కూడా ఉంది. దక్షిణాదిలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1990లో ఇక్కడే పుట్టింది. ఆ చికిత్స చేసిన డాక్టరు కమలా సెల్వరాజ్, జెమినీ గణేశన్ కూతురు. మన ఇళ్లలో జెమినీ అనగానే సావిత్రి, సావిత్రి అనగానే సినిమాలు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. బోర్డుల మీద ఉండే 'సక్సెస్ రేటు' సంగతి చూద్దాం.

లెక్క కోసం ఊహించుకోండి. వంద మంది ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పన్నెండు మందికి అండాలు సరిగా ఎదగకో, పిండం తయారు కాకో మధ్యలో ఆగిపోయింది. 88 మందికి ట్రాన్స్‌ఫర్, అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడం, జరిగింది. 44 మందికి రెండు వారాల తర్వాత బీటా (గర్భం ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది. 36 మందికి స్కాన్‌లో గుండె చప్పుడు కనిపించింది. చివరికి 30 మంది బిడ్డతో ఇంటికెళ్లారు. ఇప్పుడు బోర్డు మీద ఏం రాయాలి? 88లో 44 అని 50 శాతం రాసుకోవచ్చు. అబద్ధం కాదు. ఇంజెక్షన్ల డబ్బు కట్టిన వంద మంది వైపు నుంచి చూస్తే అది 30 శాతం. ముప్పై లోపు వయసు వాళ్లని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ 50 కూడా ఇంకా పైకి పోతుంది. ఆస్పత్రి మారకుండా, డాక్టరు మారకుండా, ల్యాబ్ మారకుండా శాతం రెట్టింపు చేయొచ్చు. కింద ఏ సంఖ్యతో భాగించారన్నదే మొత్తం కథ. అందుకే మా మరదలికి ఒకే ఒక్క ప్రశ్న రాసిచ్చాను: "నా వయసు వాళ్లు వంద మంది మొదలుపెడితే, ఎంతమంది బిడ్డతో ఇంటికెళ్లారు?"

ఆమె ఫైల్లో అప్పటికే ఒక ఐవీఎఫ్ ప్యాకేజీ ఎస్టిమేటు ఉంది, ఇంకో చోట ఇచ్చింది. ఐదు మాత్రలే పూర్తిగా వేసుకోని మనిషికి ఐవీఎఫ్ ఎస్టిమేటు ఎందుకో నాకు అర్థం కాలేదు, అది అలా ఉంచుదాం. అందులో ఒక వరుస 'ఎండోమెట్రియల్ స్క్రాచింగ్'. సన్నటి గొట్టం లోపలికి పంపి గర్భసంచి లోపలి పొరని కాస్త గోకుతారు. నొప్పి ఉంటుంది. ఎందుకు చేస్తారని మరదలు అడిగితే అక్కడి నర్సు, "నాటేసే ముందు మడి దున్నరా? అట్టనే" అందట.

ఇంత చక్కగా చెప్తే ఎవరు కాదంటారు! వరి పండించే ఊరి పిల్లకి ఇంకో వివరణ అక్కర్లేదు. ఇబ్బందల్లా, పోలిక బాగున్నంత మాత్రాన అది నిజమైపోదు. ఈ ఆలోచన 2003లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనంతో ఊపందుకుంది. మొత్తం 134 మంది, వాళ్లలో 45 మందికి ముందు నెలలో పొర నుంచి ముక్క తీశారు. వాళ్లలో పిల్లలు పుట్టిన వాళ్లు రెట్టింపు అన్నారు. తర్వాత అక్కడక్కడా చిన్న చిన్న ట్రయల్స్ వచ్చాయి, చాలావాటిలో మంచి ఫలితమే. ఇంతలో ప్రపంచమంతా గోకడం మొదలైంది. చివరికి న్యూజిలాండ్ బృందం ఐదు దేశాల్లో 1,364 మందిని తీసుకుని, లాటరీ వేసి సగం మందికి చేసి, సగం మందికి చేయకుండా చూసింది. 2019లో ఫలితం వచ్చింది. గోకిన వాళ్లలో బిడ్డ పుట్టింది 26.1 శాతానికి. గోకని వాళ్లలో 26.1 శాతానికి. దశాంశం దగ్గర కూడా తేడా లేదు.

మరి అంతకుముందు అన్ని చోట్ల ఎలా 'పనిచేసింది'? చిన్న గుంపుల్లో అదృష్టం ఆడే ఆట పెద్దది. నలభై మందిలో నలుగురు అటూ ఇటూ అయితే చాలు, శాతం పది పాయింట్లు మారిపోతుంది. మంచి ఫలితం వచ్చిన చిన్న ట్రయల్ పత్రికలో అచ్చవుతుంది, రానిది సొరుగులో ఉంటుంది. ఇంకో కారణం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఏ చికిత్సా లేకపోయినా కొందరికి నెల తప్పుతుంది. ఆ నెలలో ఏం చేసి ఉంటే ఆ పుణ్యం దానికే పోతుంది. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకీ, స్క్రాచింగ్‌కీ మా బంధువుల్లో ఒకే రకం సాక్ష్యం దొరుకుతుంది: చేయించుకున్నాం, నిలిచింది. పూజకి కనీసం నొప్పి లేదు.

ఎస్టిమేటులో ఉన్న మిగతా వరుసల గురించి గబగబా. పిండాన్ని ఏ రోజు పెట్టాలో చెప్తామనే ఈఆర్ఏ పరీక్షని 767 మంది మీద చూశారు, 2022లో ఫలితం: బిడ్డ పుట్టింది, పరీక్ష చెప్పిన సమయానికి పెడితే 58.5 శాతానికి, మామూలుగా పెడితే 61.9 శాతానికి. పిండాల క్రోమోజోములు ముందే చూసే పీజీటీ-ఏ మీద చైనాలో 1,212 మందితో చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. మొత్తంగా పిల్లలు పుట్టింది పరీక్ష చేసిన వైపు 77.2 శాతం, చేయని వైపు 81.8. వీర్యంలో లోపం లేని జంటలకి కూడా ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపడం) చేస్తే లాభమా అని వియత్నాంలో 1,064 జంటల మీద చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. వీటిలో కొన్ని కొందరికి నిజంగా అవసరం. ఇక్సీ లేకపోతే మగవాళ్ల సమస్య ఉన్న ఎన్నో జంటలకి పిల్లలే లేరు. అందరి ప్యాకేజీలో కలిపి కట్టేయడం దగ్గరే నాకు పేచీ.

అన్నీ ఇలా తేలిపోయినవే కావు. పెద్దగా పేరు రానిది ఒకటుంది, నాకు చాలా ఇష్టమైన ట్రయల్. మనవాళ్లు 'ట్యూబ్ టెస్ట్' అంటారు, హెచ్‌ఎస్‌జీ. గర్భసంచిలోకి రంగు ద్రవం పంపి, ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో చూస్తారు. ఆ టేబుల్ మీద పడుకున్న ఏ ఆడమనిషీ ఆ పది నిమిషాలు మర్చిపోదు. ఆ ద్రవం రెండు రకాలు: నీళ్లలో కలిసేది, నూనెది. ఈ నూనె ఏమిటనుకున్నారు? అయోడిన్ కలిపిన గసగసాల నూనె. మనం మసాలాలో నూరే గసగసాలే.

నూనె వాడి ఈ పరీక్ష చేసిన తర్వాత కొందరికి దానంతట అదే నెల తప్పుతోందని పాత డాక్టర్లు దశాబ్దాలుగా చెప్పుకునేవారు. 'అలా అనిపిస్తుందిలే' అని చాలామంది కొట్టిపారేశారు. స్క్రాచింగ్‌కి ఉన్నదీ అలాంటి అనుభవమే కదా. నెదర్లాండ్స్‌లో 27 ఆస్పత్రులు కలిసి 1,119 మందికి లాటరీ వేసి, కొందరికి నూనె, కొందరికి నీటిరకం వాడారు. 2017లో ఫలితం: పరీక్ష జరిగిన ఆరు నెలల్లోపు నిలిచిన గర్భాల్లోంచి బిడ్డ పుట్టింది నూనె వైపు 38.8 శాతానికి, నీటి వైపు 28.1 శాతానికి. దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి అదనంగా. రోగం ఎక్కడుందో చూడ్డానికి చేసిన పరీక్షే వైద్యమైంది. ట్యూబుల్లో పేరుకున్న మడ్డిని కడిగేస్తుందా, పొర మీద ఏమన్నా పని చేస్తుందా అన్నది ఇంకా తేలలేదు. అయోడిన్ ఎక్కువ కాబట్టి థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరుతో ముందే మాట్లాడాలి. ఇవి 39 లోపు వయసు, ట్యూబులు చెడిపోయి ఉండే అవకాశం తక్కువ ఉన్నవాళ్ల మీద వచ్చిన అంకెలు, ట్యూబులు మూసుకుపోయిన వాళ్లకి అన్వయించకూడదు.

నీటి వైపు వాళ్లని కూడా గమనించండి. వాళ్లంతా 'పిల్లలు కలగట్లేదు' అని ఆస్పత్రికి వచ్చిన వాళ్లే. ఐవీఎఫ్ దాకా వెళ్లింది కొద్దిమందే. అయినా ఆరు నెలల్లో నూటికి 28 మంది. ఈ 28 మంది ఆ నెలల్లో ఏ కషాయం తాగి ఉన్నా, ఆ కషాయం ఊరంతా పేరు తెచ్చుకునేది.

మా ఆఫీసులో ఒకమ్మాయి కథ కూడా ఇక్కడ చెప్పాలి. ఒంగోలు పిల్ల, షోలింగనల్లూరులో హాస్టల్లో ఉంటుంది, పెళ్లి కాలేదు, 31. ఏదో హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఏఎంహెచ్ కూడా చేశారు. 0.6 వచ్చింది. రిపోర్టులో ఆ అంకె బోల్డ్‌లో, పక్కన కిందికి బాణం గుర్తు. మూడు రోజులు అన్నం తినలేదు. ఇంట్లో చెప్తే పెళ్లి తొందర పెడతారు, చెప్పకపోతే టెన్షన్.

ఏఎంహెచ్ అండాశయంలో ఇంకా ఎన్ని అండాలు మిగిలి ఉన్నాయో ఉజ్జాయింపుగా చెప్తుంది. ఆడపిల్ల పుట్టేటప్పటికే పది ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితమంతా విడుదలయ్యేవి నాలుగైదు వందలు. బస్తాలో ఎన్ని విత్తనాలున్నాయో చెప్పడం వేరు, గుప్పెడు తీసి తడి గుడ్డలో కట్టి ఎన్ని మొలకెత్తాయో చూడటం వేరు. ఏఎంహెచ్ చేసేది మొదటి పని. ఐవీఎఫ్‌లో ఒకేసారి ఎక్కువ అండాలు కావాలి కాబట్టి మందు మోతాదు లెక్కకి అది పనికొస్తుంది. మామూలుగా నెలకి కావాల్సింది ఒక్కటే. 2017లో అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య, అంతకుముందు ఏ సమస్యా లేని 750 మందిని గమనించారు, అప్పుడే పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టిన వాళ్లు. ఏఎంహెచ్ 0.7 కంటే తక్కువ ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే వెనకబడలేదు. పన్నెండు సైకిల్స్‌లో గర్భం వచ్చే అవకాశం వాళ్లకి 84 శాతం, మామూలుగా ఉన్నవాళ్లకి 75. ఈ తేడా కూడా గట్టిది కాదు, తక్కువుంటే మంచిదని అర్థం చేసుకోకండి. వయసు ప్రభావం మాత్రం నిజం, అది ఏ రక్తపరీక్షలోనూ దాగదు. ఆ పిల్లకి ఈ పేపరు ప్రింటు తీసిచ్చాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం తింటూ కనిపించింది.

మళ్లీ మరదలి ఫైలు సంగతి. అందులో ఇంకో కాగితం, టీబీ పీసీఆర్. మన దేశంలో ఆడవాళ్ల ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ నిజంగానే ఒక పెద్ద కారణం, అందులో అనుమానం లేదు. దగ్గు, జ్వరం ఉండకపోవచ్చు, పిల్లలు కలగకపోవడమే మొదటి లక్షణం కావచ్చు. కానీ పీసీఆర్ వెతికేది క్రిమి డీఎన్ఏ ముక్కని. అది బతికున్న క్రిమిదా, ఎప్పుడో చచ్చినదా, ల్యాబ్‌లో ఎక్కడినుంచో అంటుకున్నదా అని ఆ పరీక్ష చెప్పలేదు. మిగతా ఆధారం ఏమీ లేకుండా ఆ ఒక్క కాగితంతో ఆరు నెలల మందులు మొదలుపెట్టిన వాళ్లని చూశాను. ఆ ఆరు నెలలు పిల్లల ప్రయత్నం వాయిదా. తర్వాత ఏడాదిలో నెల తప్పితే, 'టీబీ మందుల వల్లే' అంటారు. పోల్చడానికి మందు వాడని గుంపు ఉండదు కదా.

ఈ పోలిక పాఠం ప్రపంచానికి చెప్పిన ఊళ్లలో మద్రాసు ఒకటి, మనవాళ్లకే గుర్తులేదు. 1956లో ఇక్కడ టీబీ రోగుల మీద ఒక ట్రయల్ మొదలైంది. అప్పట్లో టీబీ అంటే శానిటోరియం. మదనపల్లె శానిటోరియం పేరు మన పెద్దవాళ్లందరికీ తెలుసు. కొండగాలి, గుడ్లు, పాలు, ఏడాది విశ్రాంతి. అవి లేకుండా, ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో ఉన్న పేదవాళ్లకి మందులు మాత్రమే ఇస్తే తగ్గుతుందా? 193 మందిని లాటరీ తీసి, కొందర్ని శానిటోరియంలో, కొందర్ని ఇంట్లో ఉంచి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు, ఇంట్లో మిగతావాళ్లకి అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా టీబీ వైద్యం శానిటోరియంలోంచి ఇంటికి రావడానికి ఆ ఫలితం దారి వేసింది. ఆ ట్రయల్ చేసిన సంస్థ ఇప్పటికీ ఇక్కడే చేట్‌పేట్‌లో ఉంది. నేను బస్సులో అటు వెళ్లినప్పుడల్లా గేటు వైపు ఒకసారి చూస్తాను.

ట్రయల్‌లో చేరమని అడిగితే ఏం చేయాలని మరదలు అడిగింది. ఎస్టిమేటు ఇచ్చిన చోటే ఒక కాగితం చేతిలో పెట్టారట, తమిళంలో. ఈమెకి తమిళం మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు. సంతకం పెట్టలేదు, మంచి పని చేసింది. ట్రయల్ సమ్మతి పత్రం చేరే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు కాపీ కావాలని అడగడం ఆమె హక్కు. ఎప్పుడంటే అప్పుడు బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. మన దేశంలో ట్రయల్స్ మొదలుకాకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి, 2009 నుంచి అది తప్పనిసరి. ఏం కొలుస్తామో ముందే అక్కడ రాసి పెట్టాలి. తర్వాత బిడ్డల లెక్క బాగా రాకపోతే 'అండం విడుదల పెరిగింది' అని మాట మార్చడం కుదరదన్నమాట. ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవచ్చు.

ఆ తెలుగు పత్రాలు సరిచూసే పని అప్పుడప్పుడు నాకే పడుతుంది. ఒకసారి 'యాదృచ్ఛికీకరణ' అని వచ్చింది. పక్క సీట్లో కూర్చునే నెల్లూరాయన పైకి చదివి, "ఇదేం యాగమండీ?" అన్నాడు. కొట్టేసి 'నాణెం ఎగరేసినట్టు' అని రాశాం. 'ప్లాసిబో'కి ఎవరో 'నిష్క్రియ ఔషధం' అని రాస్తే, దాన్ని 'మందు లేని ఉత్తి మాత్ర' అని మార్చాను. ఆ పత్రాల్ని ఆమోదించే కమిటీలో ఒక పెద్దాయన, ఇది మర్యాదగా లేదన్నారు. అర్థమవుతుంది కదా సార్ అన్నాను. ఉంచేశారు.

సాయంత్రం బండికి టైమవుతుంటే ఫైలు మళ్లీ సర్దిచ్చాను. మొత్తం అరవై ఒక్క కాగితాలు, ఒక్కటి తప్ప అన్నిటి మీదా ఆమె పేరే. రక్తం, స్కాన్లు, ట్యూబ్ టెస్ట్, పీసీఆర్. ఆమె భర్త, అంటే మా తమ్ముడి పేరుతో ఒకే ఒక్కటి, వీర్యపరీక్ష, మూడేళ్ల కిందటిది, గూడూరులో చేయించింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కారణం ఒంటరిగానో, ఆమె సమస్యతో కలిసో ఉంటుంది. ఆ పరీక్షకి సూది లేదు, మత్తు లేదు, ఖర్చు కూడా వందల్లోనే. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి ఇవ్వాలి, తేడాగా వస్తే ఇంకోసారి చేయించాలి, అంతే.

అప్పుడే తమ్ముడికి ఫోన్ చేశాను. "నాకేం అక్కా, నేను బాగానే ఉండా" అన్నాడు. స్పీకర్లో పెట్టి ఫోన్ మరదలి చేతికిచ్చాను. ఐదు నిమిషాలు వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వంటింట్లో పులిహోర డబ్బాలో సర్దుతున్నాను.

తర్వాతి నెల మెసేజ్ పెట్టింది. మూడో రోజు నుంచి ఐదు మాత్రలూ వేసుకుందట. ఫైల్లో మా తమ్ముడి పేరుతో ఇప్పుడు రెండు కాగితాలున్నాయి.